బటన్ నొక్కినా ఆన్ కాని కంప్యూటర్, ఛాందోగ్యంలో ప్రాణం కథ



ఈ వారం వీడియోలో ఛాందోగ్య ఉపనిషత్తు 5వ అధ్యాయంలోని ప్రాణం కథ చెప్పుకున్నాం. కథ చెప్పేసరికే టైమ్ అయిపోయింది. దాన్ని మన జీవితానికి ఎలా అన్వయించుకోవాలి అన్నది మిగిలిపోయింది, అది ఇక్కడ రాస్తున్నా. వీడియో చూడనివాళ్ళు కంగారు పడకండి, కథ మళ్ళీ చెప్తాను. కాకపోతే ముందు ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ గురించి మాట్లాడుకోవాలి.

పొద్దున్నే వచ్చి బటన్ నొక్కాం. లైట్ లేదు, ఫ్యాన్ తిరగలేదు, చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాం. ఇంకొంచెం గట్టిగా నొక్కాం. మూడోసారికి మన నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే: "పోయింది." ఏం పోయిందో తెలీదు, ఎందుకు పోయిందో చూడలేదు, కానీ తీర్పు మాత్రం ఇచ్చేశాం.

ఇదే తీర్పు మన మీద మనం కూడా ఇచ్చుకుంటాం. "దీపం పెడుతున్నా, స్తోత్రం చదువుతున్నా, లోపల ఏమీ అనిపించట్లేదు. నాలో భక్తి పోయింది." ఇంకొందరు ఇంకో అడుగు ముందుకేసి "అసలు వినేవాడు లేడేమో" అంటారు. హాస్టల్ గదుల్లో, షేరింగ్ ఫ్లాట్లలో, నైట్ షిఫ్ట్‌ల మధ్య ఈ మాట మనసులో అనుకుని ఎవరికీ చెప్పనివాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ పోస్ట్ ముఖ్యంగా వాళ్ళ కోసం.

మొదట గోడ దగ్గర చూడండి

కంప్యూటర్ ఆన్ కాకపోతే వెంటనే స్క్రూ డ్రైవర్ తీయకూడదు. ముందు గోడ దగ్గరికెళ్ళాలి. ప్లగ్ పాయింట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి, కరెంటు వస్తోందా? స్పైక్ బస్టర్ స్విచ్ ఆన్‌లో ఉందా? ఒకసారి దాన్నీ యూపీఎస్‌నీ పక్కనపెట్టి నేరుగా గోడకే పెట్టి చూశారా? క్యాబినెట్ వెనక కేబుల్ పూర్తిగా లోపలికి దిగిందా? పవర్ సప్లై మీద చిన్న స్విచ్ ఉంటుంది, నిలువు గీత వైపు నొక్కితే ఆన్, సున్నా వైపు నొక్కితే ఆఫ్. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి అది ఆఫ్ అయిన సందర్భాలు బోలెడు.

ఇవన్నీ చిన్న విషయాలే. అందుకే వీటిని చూడ్డానికి మనకి నామోషీ.

జపం కుదరట్లేదు అనుకునేవాళ్ళు కూడా ముందు గోడ దగ్గరే చూసుకోవాలి. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు? టైమ్‌కి తింటున్నారా? పడుకునే ముందు చివరిగా చూసేది ఏంటి? భగవద్గీత 6వ అధ్యాయం ధ్యానం గురించి చెప్పే అధ్యాయం. అందులో కృష్ణుడు తిండి గురించి, నిద్ర గురించి కూడా చెప్తాడు. మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, నిద్ర మానుకునేవాడికీ యోగం కుదరదంటాడు. ఆయనకి అవి చిన్న విషయాలు అనిపించలేదు. మూడు రోజులుగా నాలుగు గంటలే పడుకున్న మనిషి "నాకు ఏకాగ్రత లేదు, నేను పాపిని" అనుకుంటే ఏం చెప్పాలి? నాయనా, ముందు పడుకో.

పవర్ లేదా, డిస్‌ప్లే లేదా?

ఇక్కడ చాలామంది పొరబడతారు. "కంప్యూటర్ ఆన్ అవ్వట్లేదు" అని పిలుస్తారు. వెళ్ళి చూస్తే ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, లైట్ వెలుగుతూ ఉంటుంది. తెర మాత్రం నల్లగా ఉంటుంది. అది పవర్ సమస్య కాదు. మానిటర్ కేబుల్ వదులైనా, ర్యామ్ సరిగ్గా కూర్చోకపోయినా అలా అవుతుంది. మెషీన్ బతికే ఉంది, మనకి బొమ్మ కనపడట్లేదంతే.

పూజలో కళ్ళు చెమర్చడం, ఒళ్ళు పులకరించడం, మనసు తేలికవడం ఇవన్నీ డిస్‌ప్లే. వస్తే ఎంతో సంతోషం. రాని రోజున కూడా మీరు లేచి స్నానం చేసి దీపం వెలిగించారంటే లోపల ఫ్యాన్ తిరుగుతున్నట్టే లెక్క. నన్నడిగితే, ఏమీ అనిపించకపోయినా పెట్టిన దీపం చాలా గట్టి దీపం. అనుభూతి లేదు కాబట్టి భక్తి లేదనుకోవడం, తెర నల్లగా ఉందని మదర్‌బోర్డ్ పారేయడం లాంటిది.

బటన్ చేసే పని

మన క్యాబినెట్ ముందున్న బటన్ గురించి ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో ఫ్యాన్ స్విచ్ లాగా కరెంటంతా దాని గుండా వెళ్ళదు. అది మదర్‌బోర్డ్ మీద రెండు పిన్నుల్ని ఒక్క క్షణం కలుపుతుంది, అంతే. గోడ స్విచ్, వెనక స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, పవర్ సప్లై 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది. బటన్ నొక్కగానే మదర్‌బోర్డ్ పవర్ సప్లైకి సంకేతం పంపుతుంది. అప్పుడు 12, 5, 3.3 వోల్టులు మొదలవుతాయి. అవి స్థిరపడ్డాక, అర సెకను లోపే, పవర్ సప్లై "అంతా బాగుంది" అని తిరిగి సంకేతమిస్తుంది. అది అందాకే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది.

అంటే బటన్ శక్తిని పుట్టించదు. అప్పటికే ఉన్న శక్తిని అడుగుతుంది. మన ప్రార్థన కూడా అంతే అని నా నమ్మకం. మనం పిలిచాక దేవుడు ఎక్కడి నుంచో బయల్దేరి రావడం లేదు. మనం మర్చిపోయిన రోజుల్లో కూడా ఆ స్టాండ్‌బై ఆగలేదు.

మా బాబాయి వాళ్ళింట్లో పిన్ని డెస్క్‌టాప్ మీద పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తుంది. ఒకరోజు అది ఆన్ కాలేదు. షాపులో చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమన్నారట. తీరా చూస్తే బోర్డు మీద స్టాండ్‌బై లైట్ వెలుగుతూనే ఉంది. ఆ రెండు పిన్నుల్ని స్క్రూ డ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకిస్తే ఝుమ్మని లేచింది. పాడైంది ముందున్న బటన్ మాత్రమే. దాని వైరు తీసి, ఆ పిన్నులకి పక్కనే ఉన్న రీసెట్ బటన్ వైరు తగిలిస్తే సరిపోయింది. పిన్ని ఇప్పటికీ రీసెట్ నొక్కే ఆన్ చేస్తుంది.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, కొందరికి చిన్నప్పటి నుంచి అలవాటైన ఒక పద్ధతి ఎప్పుడో ఒకప్పుడు పనిచేయడం మానేస్తుంది. నామం నోటికొస్తుంది, మనసు కదలదు. అప్పుడు శక్తిని అనుమానించకండి, బటన్ మార్చి చూడండి. గుళ్ళో ప్రసాదం పంచే దగ్గర నిలబడండి. పాడండి. అమ్మమ్మ దగ్గర కూర్చుని ఆమె చెప్పే కథ వినండి. పిన్నులు అవే, వైరు మారుతుంది.

ఒక్కొక్కటే తీసి చూడటం

ఇంతవరకు చూసినా ఆన్ కాకపోతే అప్పుడు క్యాబినెట్ తెరవాలి. ముందు ప్లగ్ తీసేయండి. బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన ఛార్జ్ పోతుంది. 24 పిన్నుల పెద్ద కనెక్టర్, ప్రాసెసర్ పక్కనుండే 8 పిన్నుల కనెక్టర్ గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కులు, యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసేయండి. బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యామ్. ఇంతే ఉంచి నొక్కండి. లేస్తే, ఒక్కొక్కటే మళ్ళీ కలుపుతూ రండి, ప్రతిసారీ ప్లగ్ తీసి. దేన్ని కలిపినప్పుడు ఆగిందో, దోషం అక్కడుంది.

ఇప్పుడు ఉపనిషత్తు కథ వినండి. ఇంద్రియాలకీ ప్రాణానికీ గొడవొచ్చింది, నేను గొప్పంటే నేను గొప్పని. తండ్రి ప్రజాపతి దగ్గరికి వెళ్ళాయి. ఆయన ఎవరి వైపూ మాట్లాడలేదు. మీలో ఎవరు వెళ్ళిపోతే శరీరం మరీ హీనంగా కనిపిస్తుందో వాళ్ళే గొప్ప అన్నాడు. అంటే ఒక్కొక్కటే తీసి చూసుకోమన్నాడు!

ముందు వాక్కు వెళ్ళింది. ఏడాది తర్వాత వచ్చి, నేను లేకుండా ఎలా బతికారని అడిగింది. మూగవాళ్ళు బతికినట్టే బతికాం అన్నాయి మిగతావి. కన్ను వెళ్ళింది, ఏడాది గడిచింది. చెవి వెళ్ళింది, ఏడాది గడిచింది. మనసు వెళ్ళింది. పసిపిల్లల్లా బతికాం అన్నాయి. చివరికి ప్రాణం బయల్దేరబోయింది. మంచి గుర్రం తనను కట్టేసిన మేకుల్ని పెకలించినట్టు, మిగతావన్నీ దానితో పాటు ఊడి రాబోయాయి. అన్నీ దగ్గరికొచ్చి, నువ్వే గొప్ప, వెళ్ళొద్దని వేడుకున్నాయి. తమ గొప్పలన్నీ తెచ్చి దానికే అప్పగించాయి.

ప్రాణమంటే కరెంటు అని నేను చెప్పట్లేదు. ఆ పోలిక అంత దూరం రాదు. నేను పట్టుకున్నది వెతికే పద్ధతిని మాత్రమే. ఏది లేకపోయినా నడుస్తుంది, ఏది లేకపోతే నడవదు అన్నది వాదనతో తేలదు, తీసి చూస్తేనే తేలుతుంది.

మన సాధనకి కూడా ఇలా చేసి చూడండి. ఫోన్‌లో రెండు పంచాంగం యాప్‌లు, జపం లెక్కపెట్టే యాప్ ఒకటి, రోజుకి నాలుగు స్తోత్రాలు, వారానికి మూడు ఉపవాసాలు, మా ఛానెల్‌తో కలిపి అరడజను ఛానెళ్ళు! ఏది నిలబెడుతోందో, ఏది భారమవుతోందో తెలీదు. ఒక వారం అన్నీ పక్కనపెట్టండి. మా వీడియోలు కూడా. ఒక దీపం, ఒక నామం, ఐదు నిమిషాలు. వారం తర్వాత ఒక్కటి కలపండి. ఒకేసారి రెండు కలపకండి, ఏది పనిచేసిందో తెలీకుండా పోతుంది.

తెరవకూడని డబ్బా

అన్నీ చేశాక కూడా మనం చేయకూడని పని ఒకటుంది. పవర్ సప్లై డబ్బాను విప్పకూడదు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. అక్కడ ఆగి, తెలిసినవాళ్ళకి ఇవ్వాలి. ఎక్కడైనా షార్ట్ ఉంటే పవర్ సప్లై తనంతట తానే ఆగిపోతుందని కూడా గుర్తుంచుకోండి. అది మొండికేయడం కాదు, మిగతావాటిని కాపాడటం. అలాంటప్పుడు పదేపదే బటన్ నొక్కకూడదు.

మనిషి కూడా ఒక్కోసారి అలా ఆగిపోతాడు. వారాల తరబడి నిద్ర పట్టదు, తిండి సహించదు, ఇష్టమైన పని ముట్టుకోబుద్ధి కాదు, బతికి ఏం లాభం అనిపిస్తుంది. అప్పుడు "ఇంకో పదకొండు ప్రదక్షిణలు చెయ్యి" అనడం పదకొండుసార్లు బటన్ నొక్కడమే. అక్కడ డాక్టర్ కావాలి. భారత ప్రభుత్వం 2022 అక్టోబర్ నుంచి నడుపుతున్న టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అలా ఫోన్ చేయడం నమ్మకం తగ్గడం కాదు. అమృత కలశంతో వచ్చిన ధన్వంతరిని వైద్యుడిగానే పూజించే ధర్మం మనది.

ఇంకో మాట. కంప్యూటర్‌లో బోర్డు నిజంగానే పోవచ్చు, అప్పుడు కొత్తది కొంటాం. మనిషి విషయంలో ఆ లెక్క లేదు. స్క్రాప్‌కి వేయాల్సిన మనిషంటూ ఎవరూ లేరు.

దసరాకి మనం క్యాబినెట్‌కి కుంకుమ బొట్టు పెట్టి నిమ్మకాయ పెడతాం. ఈసారి పెట్టేటప్పుడు ఒకసారి వెనక స్విచ్ వైపు కూడా చూడండి. అలాగే చాలాకాలంగా "ఏమీ అనిపించట్లేదు" అంటున్న స్నేహితుడెవరైనా ఉంటే ఉపదేశం చేయకండి. తిన్నావా, నిద్రపోయావా అని అడగండి. గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి.

వచ్చే వారం కేనోపనిషత్తులో అగ్ని గడ్డిపరకను కాల్చలేకపోయిన కథతో కలుద్దాం.

హరిః ఓం.