ఊపిరి గొట్టమూ సత్రయాగమూ

మెడ ముందుభాగంలో శ్వాసనాళానికి చిన్న రంధ్రం చేసి, అందులో వంపు తిరిగిన గొట్టాన్ని అమర్చి, ముక్కుతోనూ నోటితోనూ పనిలేకుండా ఊపిరి ఆడేటట్టు చేసే శస్త్రచికిత్సను ట్రకియాస్టమీ అంటారు. స్వరపేటిక కింది భాగం పుట్టుకతోనే ఇరుకైన పిల్లలకూ, నెలలు నిండక పుట్టి చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉండటం వల్ల ఆ భాగం మచ్చకట్టి మూసుకుపోయిన పిల్లలకూ ఇది అవసరమవుతుంది. శస్త్రచికిత్స విశాఖపట్నంలోని పెద్దాసుపత్రిలో జరిగినా, తరువాతి నెలలు, ఒక్కోసారి ఏళ్లు, గడిచేది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో, ఇంటి దగ్గరే. అక్కడ రేయింబవళ్లు ఆ గొట్టాన్ని కనిపెట్టుకుని ఉండే పని ఎలాంటి కర్మ, దానికి కర్త ఎవరు అన్న ప్రశ్నకు పూర్వమీమాంసలో, అంటే వేదవాక్యాల అర్థాన్నీ యజ్ఞకర్మల స్వరూపాన్నీ విచారించే శాస్త్రంలో, పనికివచ్చే సమాధానం ఉంది.

ఆ శాస్త్రం ప్రకారం నిత్యకర్మ విధిగా చేయవలసినది, మానితే ప్రత్యవాయమనే దోషం తగులుతుంది. నైమిత్తికం కారణం ఏర్పడినప్పుడు చేసేది. కామ్యం ఫలం కోరి చేసేది. ఉత్తరాంధ్రలో బిడ్డకు జబ్బు చేస్తే ఇంటివారు ముందుగా పూనుకునేది కామ్యానికే. విజయనగరం పైడితల్లమ్మకు మొక్కుకుంటారు, ఆదివారాలు అరసవల్లి సూర్యనారాయణుణ్ణి దర్శించుకుంటారు. కోరిక తీరాక మొక్కు చెల్లిస్తే ఆ కర్మ ముగుస్తుంది. గొట్టం సంగతి అలాంటిది కాదు. దాని చుట్టూ చర్మం తుడిచి ఆరబెట్టడం, మెడకు కట్టిన పట్టీని వేలు దూరేంత వదులుగా కొత్తది కట్టడం నిత్యం. కళ్ళె తీయడం నైమిత్తికం, ఎందుకంటే అది గడియారం చూసి కాక, గొట్టంలో గురగుర వినిపించినప్పుడో, బిడ్డ ముక్కుపుటాలు ఎగరేస్తూ పక్కటెముకలు లోపలికి లాగుతున్నప్పుడో చేసేది.

చేతులు కడుక్కుని, సన్నని సక్షన్ గొట్టాన్ని ముందే కొలిచి గుర్తు పెట్టుకున్న లోతు వరకే దించి, మెల్లగా తిప్పుతూ పైకి తీయాలి; అదంతా పది సెకన్లలోపే అయిపోవాలి. ఆ కాసేపూ తానూ ఊపిరి బిగబట్టి ఉండమని నర్సులు తల్లికి నేర్పుతుంటారు, తనకు ఉక్కిరిబిక్కిరి అయితే బిడ్డకూ అవుతున్నట్టే లెక్క. యోగులు కుంభకమనే పేరుతో ఊపిరి నిలిపేది తమ సాధన కోసం; ఈ కుంభకం ఇంకొకరి ఊపిరికి కొలత. పైగా గాలి స్వరపేటిక దాకా రాకుండానే గొట్టం గుండా బయటికి పోతుంది కనుక చాలామంది పిల్లల ఏడుపు పక్కగదికి కూడా వినపడదు. అందుకే రాత్రి ఎవరో ఒకరు మేలుకుని చూస్తూ ఉండక తప్పదు. ఆసుపత్రి ఖర్చు భరించే పథకాలు ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీని మొదట అమలుచేసిన జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మేలుకోవడం మాత్రం ఇంటివారి వంతే.

నిత్యకర్మలో కొన్ని అంగాలు, అంటే ప్రధానకర్మకు తోడైన చిన్న పనులు, లోపించినా శక్తిమేరకు చేస్తే చాలుననీ, కామ్యంలో మాత్రం ఏ అంగమూ తప్పకూడదనీ పూర్వమీమాంసకు మూలగ్రంథమైన జైమిని సూత్రాల ఆరవ అధ్యాయం మూడవ పాదంలో తేల్చారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక అక్కడి ఉద్దానం ప్రాంతపు పల్లెలు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అలాంటి రాత్రి సక్షన్ మిషన్ మూగబోతే కాలితో తొక్కే పంపుతోనో, పెద్ద సిరంజికి సన్నగొట్టం తగిలించో కళ్ళె లాగడం యథాశక్తి కిందికే వస్తుంది. మార్చడానికి ఇంకో గొట్టం సిద్ధంగా లేకపోవడం రాదు, ఎందుకంటే ఉన్నది పూడుకుపోయినా జారిపోయినా మిగిలేవి నిమిషాలే. కాబట్టి జైమిని వెసులుబాటును ఇక్కడ సగమే ఒప్పుకోవాలి.

అసలు చిక్కు కర్త దగ్గర ఉంది. వ్రీహిధాన్యం దొరకకపోతే నీవారమనే అడవి ధాన్యంతో యాగం చేయవచ్చు కాని యజమానికి, అంటే ఫలం కోసం యాగం తలపెట్టినవాడికి, ప్రతినిధి లేడని అదే పాదం అంటుంది. తండ్రి చేపలవేటకు గుజరాత్‌లోని వీరావల్‌కో, కూలిపనికి హైదరాబాదుకో వలసపోయిన ఇంట్లో ఆ నియమం ఎవరూ చెప్పకుండానే తల్లి నెత్తిన పడుతుంది. లోకం దానికి మాతృత్వ మహిమ అని పేరుపెడుతుంది, వెనకనుంచి ఏ జన్మలో చేసుకున్న పాపమోనని కూడా అంటుంది. ఆ మహిమ వల్ల ఆమెకు ఒక్క రాత్రి నిద్ర దక్కదు.

అయితే మీమాంసకులు ఒక మినహాయింపు ఇచ్చారు. కనీసం పదిహేడుమంది కలిసి చేసే సత్రయాగంలో యాగం జరిపించే ఋత్విక్కులు వేరు, యజమాని వేరు అనే భేదం లేదు. అందరూ యజమానులే, దక్షిణ ఎవరికీ ఉండదు. నడుమ ఒకరు చనిపోతే ఇంకొకరిని తెచ్చి సంఖ్య నింపవచ్చు. అలా వచ్చినవాడికి యాగఫలం దక్కదు కాని, యజమాని పాటించే నియమాలన్నీ అతడికీ వర్తిస్తాయి. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించి ఊపిరి కండరాలు చచ్చుబడినప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడి సూచనపై రోగుల మెడకు గొట్టాలు అమర్చి, సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా చేత్తో సంచి నొక్కుతూ గాలి అందించారు. అది ఆసుపత్రిలో జరిగిన సత్రం. పల్లెటూరి ఇంట్లో పదిహేడుమంది దొరకరు. అమ్మమ్మ, పిన్ని, పొరుగింటి ఆడపడుచు ఉంటారు. ఇంటికి పంపేముందు కనీసం ఇద్దరికి ఈ పని నేర్పి, వాళ్లచేత చేయించి చూడాలని వైద్యులు అడిగేది ఇందుకే: తోడుగా వచ్చినవారికి అరకొర నియమాలు చెల్లవు, కొలిచిన లోతు నుంచి గొట్టం మార్చడం దాకా అన్నీ తెలియాలి.

పొరుగింటామెకు ఇందులో దక్కేది ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ప్రయోజనం తోచనిదే మందబుద్ధి కూడా పనికి పూనుకోడని మీమాంసకుల్లో కుమారిలభట్టు మార్గంవారు, అంటే భాట్టులు, అంటారు. చేయవలసి ఉందన్న ఎరుకే మనిషిని కదిలిస్తుందని ప్రభాకరుడి మార్గంవారు అంటారు. శాస్త్రచర్చల్లో భాట్టుల వాదానికే బలం ఎక్కువగా కనిపిస్తుంది. గురగుర విని అర్ధరాత్రి లేచి వచ్చే పొరుగింటామె విషయంలో మాత్రం ప్రభాకరుడి మాటే నిలుస్తుంది.