రెక్కల నీడ

బిడ్డను కాపాడుట తల్లిదండ్రుల ధర్మమని చెప్పుటకు శాస్త్రమక్కరలేదు. పశుపక్ష్యాదులును ఎరిగిన ధర్మమది. కాని ఎంతవరకు కాపాడవలెను? ఈడు వచ్చిన బిడ్డ వలదన్నప్పుడేమి చేయవలెను? ఈ ప్రశ్న ప్రతి గృహమునను ఏదో యొకనాడు తలయెత్తును. దేవుని తండ్రియని పిలుచు క్రైస్తవ మతము దీనికేమి సమాధానము చెప్పుచున్నదో విచారింతము.

భగవంతుడు భక్తుని రక్షించు విధమునుగూర్చి మన వైష్ణవాచార్యులు రెండుపమానములు చెప్పిరి. కోతిపిల్ల తానే తల్లిని గట్టిగా పట్టుకొనును. ఇది మర్కటకిశోర న్యాయము. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. ఇది మార్జాలకిశోర న్యాయము. క్రైస్తవుల సువార్తలలో మూడవది యొకటి కలదు. కోడి తన పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొనునట్లు యెరూషలేము ప్రజలను చేర్చుకొనగోరినను వారొల్లకపోయిరని యేసు దుఃఖించెను. కోడి తన పిల్లను నోట కరచి తేదు. పిల్లయు తల్లిని పట్టుకొని వ్రేలాడదు. గ్రద్ద నీడ కనబడగానే తల్లి పిలుచును, రెక్క విప్పును. వచ్చుట పిల్ల వంతు.

లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుని కథయు నిట్టిదే. తండ్రి ఆస్తి పంచి యిచ్చెను, కుమారుని పోనిచ్చెను. కాని అతడు తిరిగివచ్చునప్పు డింకను దూరముననుండగనే చూచి, పరుగెత్తి కౌగిలించుకొనెను. అంత దూరముననే చూచెననగా, నాటివరకును ఆ త్రోవవైపే కన్నులు నిలిపియుండెనని మా భావము. పోనిచ్చుట ఉపేక్ష కాదు.

కథలో సులభమైనది గృహమున కష్టము. క్రైస్తవ వేదాంతులలో అగ్రగణ్యుడగు అగస్టీను (354–430) తన తల్లి మోనికానుగూర్చి ఆత్మకథలో వ్రాసినాడు. ఉత్తర ఆఫ్రికాలో నుండిన ఆ తల్లి, కుమారుడు మానీ మతమున చేరగా కొంతకాలము తన యింట నుండనీయలేదు. 383లో అతడు రోమునకు పోనెంచగా కార్తేజి సముద్రతీరమువరకు వెంటబడి, పోవలదనియు, పోయినచో తన్నును తోడ్కొని పొమ్మనియు పట్టుపట్టెను. అతడామెను మోసగించి రాత్రివేళ ఓడనెక్కెను. ఆమెయు పిదప సముద్రము దాటి మిలానులో అతనిని కలిసికొనెను.

అచ్చట ఆమె అతనికి వివాహము కుదుర్చుటకు మిక్కిలి పాటుపడెను. కన్యకకు ఈడు వచ్చుటకింకను రెండేండ్లుండెను. ఈ సంబంధమున కడ్డమని, అనేక సంవత్సరము లతనితో కాపురముండి కుమారుని గన్న స్త్రీని ఆఫ్రికాకు పంపివేసిరి. ఆమె బిడ్డను విడిచి పోయినది. ఆమె పేరైనను అగస్టీను వ్రాయలేదు. ఆ వివాహమును జరుగలేదు. క్రైస్తవలోకము పూజ్యురాలని కొనియాడు తల్లి తన బిడ్డ మేలుకై చేసిన యత్నములో మరియొక తల్లికి కడుపుకోత కలిగినది!

387లో అగస్టీను మిలానులో ఆంబ్రోసు చేత బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరమే మోనికా ఓస్టియా రేవున మరణించెను. ఓడను ఆపుమని తల్లి చేసిన ప్రార్థనను దేవుడు త్రోసిపుచ్చి, ఆమె అసలు కోరికను నెరవేర్చెనని అగస్టీను తలంచెను. తీరమున గట్టిగా పట్టుకొన్నందున కానిది, పట్టు విడిపోయిన పిదప అయినది.

ఇక మన యిండ్ల సంగతి. కుమార్తెను దూరపు కళాశాలకు పంప వెరచు తండ్రియు, కుమారుడొల్లని సంబంధమును కుదుర్చు తల్లియు, “నీ మేలు కోరియే” యందురు. అది అబద్ధమని మేమనము. కాని ఆ మేలులో బిడ్డ క్షేమమెంత, మన భయమెంత, మన పరువెంత? మన బిడ్డకై చేయు ఏర్పాటులో ఇతరుల బిడ్డ నలిగిపోవుట లేదుగదా? నిప్పువైపు ప్రాకు పసివానిని పిల్లివలె నోట కరచియైనను తేవలసినదే. కాని బిడ్డకు బుద్ధి వికసించిన కొలదియు మనము పిల్లి ధర్మమునుండి కోడి ధర్మమునకు మారవలెను. అపాయము కనబడినచో పిలువవలెను, హెచ్చరింపవలెను. రాలేదని రెక్క ముడువరాదు.

తలుపునకు గడియ వేయుట సులభము. తలుపు తెరచియుంచి, దీపమార్పక, నిదురలేక కూర్చుండుట కష్టము. దేవుడు తండ్రియని నమ్మువారికి ఆయన ప్రేమ ఈ రెండవ విధమైనదని సువార్త చెప్పుచున్నది. ఏ మతమువారమైనను, మన పిల్లలయెడ ఆ కష్టమునకు ఓర్చుకొందుమా?