సమ్మతి ఎవరిది?

లైంగిక సంబంధానికి ఒక మనిషి చెప్పే ఒప్పుకోలును చట్టం ఒప్పుకోలుగా లెక్కించడం మొదలుపెట్టే వయసును సమ్మతి వయసు అంటారు. అంతకు లోపు పిల్ల సరేనన్నా అది చెల్లదు. ఎంత వయసన్నది ఈ చట్టాల్లో పైకి కనిపించే ప్రశ్న. ఆ ఒప్పుకోలు చెప్పే హక్కు ఎవరిదన్నది అసలు ప్రశ్న.

కన్యాదానంలో ఇచ్చేది తండ్రి, పుచ్చుకునేది వరుడు. పిల్ల మాటకు అక్కడ చోటు తక్కువ. పెద్దమనిషి కాకముందే పెళ్లి చేయాలన్న స్మృతి వాక్యాలను ఆచారం గట్టిగా పట్టుకుంది. కానీ మనుస్మృతి తొమ్మిదో అధ్యాయమే, రజస్వల అయిన కన్య మూడేళ్లు చూసి తగినవాణ్ణి తానే వరించవచ్చునంటుంది. గుణహీనుడికి ఇవ్వడం కన్నా చనిపోయేదాకా పుట్టింట ఉంచడమే మేలనీ అంటుంది. శాస్త్రం ఒక్క గొంతుతో మాట్లాడలేదు. దానిలోంచి ఒక్క గొంతునే వినిపించింది ఆచారం.

1860 నాటి భారత శిక్షాస్మృతి సమ్మతి వయసును 10 ఏళ్లుగా పెట్టింది. కలకత్తాలో ఆ వయసు దాటిన ఫూల్మణి దాసి అనే పిల్ల భర్త చేష్ట వల్ల ప్రాణం పోగొట్టుకుంది. పిల్లకు పదేళ్లు నిండాయి గనుక, పైగా అతను భర్త గనుక, అత్యాచార నేరం నిలవలేదు. ఆ కలతలోంచి 1891లో ఆ వయసును 12 ఏళ్లకు పెంచే చట్టం వచ్చింది. గర్భాధాన సంస్కారానికి అడ్డం వస్తుందని సంప్రదాయవాదులు, పరాయి ప్రభుత్వం మతంలో వేలు పెట్టరాదని తిలక్ దాన్ని ఎదిరించారు. తిలక్ అభ్యంతరంలో రాజకీయ న్యాయం ఉంది. చనిపోయిన పిల్లకు మాత్రం అందులో జవాబు లేదు.

ఆ చట్టం ఎక్కడ చెల్లుతుందన్నది ఏలుబడిని బట్టే. పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు అప్పటికి మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లావి. ప్రకాశం జిల్లాలోకి వచ్చింది 1970లో. మద్రాసు రాజధాని బ్రిటిష్ ఏలుబడిలోది కాబట్టి 1891 చట్టం ఈ ప్రాంతాల్లో అమలైంది. నల్లమల దాటి కృష్ణ అవతలికి వెళితే నిజాం రాజ్యం. బ్రిటిష్ ఇండియా చట్టం అక్కడ దానంతటది చెల్లదు. నది ఇరుగట్లా తెలుగు పిల్లలే. మారింది ఏలుబడి ఒక్కటే.

దేశాల మధ్య తేడాదీ ఇదే కథ. జర్మనీలో 14, ఫ్రాన్స్‌లో 15, బ్రిటన్‌లో 16. జపాన్ 2023లో 13 నుంచి 16కు పెంచింది. పిల్లలు ఎదిగే తీరు ఒక్క ఏడాదిలో మారిపోదు గనుక ఈ అంకె ప్రకృతి చెప్పింది కాదు, మనుషులు కుదుర్చుకున్న హద్దు. కాదనలేని స్థితిలో ఉన్నవారికి అదే అండ.

భారతదేశంలో పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ఆ హద్దును 18కి తెచ్చింది. అయినా పదిహేనేళ్లు నిండిన భార్య విషయంలో భర్తకు మినహాయింపు మిగిలే ఉండింది. 2017లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేదాకా మూడుముళ్లే సమ్మతిగా చెలామణీ అయ్యాయి. పశ్చిమ ప్రకాశం లాంటి కరవు సీమలో వలస పోయే తల్లిదండ్రులు, ఎదిగిన పిల్లను ఒంటరిగా వదల్లేక పెళ్లి చేసి పంపాలనుకోవడంలో భయం ఉంది, ప్రేమా ఉంది. పిల్ల సమ్మతి మాత్రం లేదు.

అదే పిల్ల పదిహేడేళ్లకు తనకు నచ్చిన ఈడువాడితో వెళ్లిపోతే, ఇంటివారు పోక్సో కేసు పెట్టగలరు. సమ్మతిని ఇంటి పెద్దల చేతినుంచి తప్పించడానికి వచ్చిన చట్టం అక్కడ మళ్లీ వారి చేతికే చిక్కుతుంది. కెనడాలో వయసు 16 అయినా, 14, 15 ఏళ్లవారికి తమకంటే ఐదేళ్ల లోపు పెద్దవారితో సంబంధానికి మినహాయింపు ఉంది. మన చట్టంలో అలాంటిది లేదు. 2023లో లా కమిషన్ 18ని తగ్గించవద్దంది. 16 దాటినవారు ఒప్పుకున్న కేసుల్లో మాత్రం శిక్ష విషయాన్ని న్యాయమూర్తి విచక్షణకు వదలాలని సూచించింది.