బిగువున్న తీగ

1950లలో అచ్చయిన ఒక మోడల్ విమానం కిట్టు. అప్పట్లో ఎవరో కొన్నారు. మూత తీసి, చెక్కపలకలు తడిమి, ప్లాను విప్పి చూసుకుని, తీరిగ్గా కట్టుకోవచ్చులే అని మళ్ళీ మూసి అటక మీద పెట్టారు. ఆ తీరిక రాలేదు. ఇప్పుడా పెట్టె నా బల్ల మీద ఉంది. దీని వయసు ఎంతని చెప్పాలి? డెబ్బై ఏళ్ళ పాతదనాలా, ఇంకా పుట్టనే లేదనాలా? ఇలాంటి కిట్లను బాగుచేసి, కట్టి, పోటీల్లో ఎగరేయడం చాలాకాలంగా నా వ్యాపకం. కొత్త పెట్టె తెరిచిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. దానికి నాకు దొరికిన జవాబు పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

ఇవి రిమోట్‌తో నడిచే విమానాలు కావు, తీగలతో నడిచేవి. కంట్రోల్ లైన్ అంటారు. మైదానం మధ్యలో మనిషి పిడి పట్టుకుని నిలబడతాడు. పిడి నుంచి బయల్దేరిన సన్నటి ఉక్కు తీగలు రెక్క కొస గుండా లోపలికి పోయి, బెల్‌క్రాంక్ అనే చిన్న మీటకు తగులుకుంటాయి. మణికట్టు వంచితే మీట తిరుగుతుంది, తోక దగ్గరి ఎలివేటర్ లేస్తుంది, లేదా వాలుతుంది. విమానం మనిషి చుట్టూ తిరుగుతుంటే మనిషీ దానితో పాటు తిరుగుతాడు. పోర్ట్‌లాండ్‌కు చెందిన జిమ్ వాకర్ 1940లలో ఫైర్‌బాల్ అనే కిట్టుతో ఈ ఆటను అమెరికా కుర్రాళ్ళ దగ్గరికి చేర్చాడు. మన దగ్గర ఎన్‌.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరిన పిల్లలకు ఇది తెలిసిన విద్యే. నేను మొదట పిడి పట్టిందీ అక్కడే. ఉద్యోగం నన్ను అమెరికా తీసుకొచ్చింది. ఇక్కడ నౌకాదళ క్యారియర్ (విమానవాహక నౌక) పోటీ చూశాక ఆ పాత ఇష్టం మళ్ళీ చిగురించింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలా ఏళ్ళు అమెరికా జాతీయ మోడల్ విమాన పోటీలకు ఆ దేశ నౌకాదళమే తన వైమానిక స్థావరాల్లో చోటిచ్చింది. క్యారియర్ పోటీ ఆ స్నేహంలోంచి వచ్చిన ఆట. వృత్తం అంచున నేల మీద చెక్కతో ఓడ డెక్కు కడతారు. విమానం దాని మీంచే లేవాలి. ముందు ఏడు చుట్లు ఎంత వేగంగా తిరగగలదో అంత వేగంగా తిరగాలి. తర్వాత ఇంకో ఏడు చుట్లు, ఎంత నెమ్మదిగా తిరగగలదో అంత నెమ్మదిగా. చివరికి తోక కింది కొక్కెంతో డెక్కు మీద అడ్డంగా కట్టిన తాడును పట్టుకుని ఆగాలి. ఇంజను జోరు పెంచడానికీ తగ్గించడానికీ మూడో తీగ ఉంటుంది. తీగల పొడవు 60 అడుగులు. ఆ లెక్కన ఏడు చుట్లు దాదాపు సరిగ్గా అర మైలు.

ఈ పోటీలో నన్ను కట్టిపడేసింది రెండో ఏడు చుట్లు. వేగం ఎంత అన్నదానికీ పాయింట్లున్నాయి, ఆ వేగానికీ నిదానానికీ మధ్య నిష్పత్తి ఎంత అన్నదానికీ పాయింట్లున్నాయి. అంటే పరుగు ఒక్కటే తెలిసిన విమానం ఇక్కడ గెలవదు. పరిగెత్తగలిగీ ఆచితూచి నడవగలిగిందే గెలుస్తుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే విమానం ఏడు చుట్లను 25 సెకన్లలోపే ముగిస్తుంది. అదే విమానం 30 కిలోమీటర్లకు తగ్గితే నిమిషంన్నర దాటుతుంది. ఆ నిమిషంన్నరా ముక్కు పైకెత్తి, ప్రొపెల్లర్‌కు వేలాడుతున్నట్టుగా, ఏ క్షణాన్నైనా జారిపోతుందేమో అన్నట్టుగా పోతుంది.

అప్పుడు చేతికి తెలిసేది వేరు. కిలో బరువున్న విమానం 120 వేగంతో తిరిగేటప్పుడు పిడి మీద ఆరు కిలోలకు పైగా లాగుడు ఉంటుంది. వేగం నాలుగో వంతుకు తగ్గితే లాగుడు పదహారో వంతుకు పడిపోతుంది; నాలుగు వందల గ్రాములు కూడా ఉండదు. తీగ వదులైందా, మణికట్టు ఎంత తిప్పినా విమానానికి చేరదు. అందుకే చుక్కానిని వెలుపలి వైపుకు కొద్దిగా తిప్పి పెడతారు, బయటి రెక్క కొసలో బరువు దాస్తారు. అన్నీ చేసినా అసలు సత్యం మారదు: తీగకు బిగువు కదలిక వల్లే వస్తుంది. కదలిక ఉన్నంతసేపే మనకూ విమానానికీ సంబంధం. నిదానంగా వెళ్ళవచ్చు, ఎంతో నిదానంగా వెళ్ళవచ్చు. ఆగిపోతే మాత్రం సంబంధం తెగినట్టే.

పాత వస్తువుల విషయంలోనూ ఇదే నిజమని నమ్ముతాను.

నా బల్ల మీది కిట్టు గార్డియన్ అనే విమానానిది. గ్రమ్మన్ కంపెనీ చేసిన నిజమైన గార్డియన్ 1950లో నౌకాదళంలో చేరింది. జలాంతర్గాములను వేటాడటం దాని పని. జంటగా వెళ్ళేవి: ఒకటి పొట్ట కింద పెద్ద రాడార్‌తో వెతికేది, రెండోది ఆయుధాలతో వెంటపడేది. మొత్తం మీద నాలుగు వందలు కూడా తయారు కాలేదు. కొన్నేళ్ళకే అంతకంటే మెరుగైనవి వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి. ఇప్పుడు మ్యూజియాల్లో నాలుగైదు చోట్ల చూడగలిగితే గొప్ప. మన విశాఖ బీచ్‌లోనూ జలాంతర్గాముల వేటగాడే ఒకటి విశ్రాంతి తీసుకుంటోంది. 1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో పనిచేసిన టీయూ-142 అది. పిల్లలను తీసుకెళ్ళి చూపించాల్సిన చోటు. దాని పక్కన నిలబడితే ఆకారం తెలుస్తుంది, పరిమాణం తెలుస్తుంది, లోపల కూర్చున్నవాళ్ళ ఓర్పు కొంత తెలుస్తుంది. అయితే ఏ మ్యూజియమూ విమానం చేసిన పనిని చూపించలేదు. ఓడ మీద దిగే విమానాలకు ఆ పని కొక్కెం తాడును పట్టే క్షణంలో ఉంది.

ఆ క్షణానికి ఒక పుట్టినరోజు ఉంది. 1911 జనవరి 18న యూజీన్ ఈలీ అనే పైలట్ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో లంగరేసిన పెన్సిల్వేనియా అనే యుద్ధనౌక మీద తన కర్టిస్ విమానాన్ని దించాడు. ఓడ మీద ఒక విమానం దిగడం లోకంలో అదే మొదలు. చెక్కతో వేదిక వేసి, దాని మీద అడ్డంగా 22 తాళ్ళు పరిచారు. ఒక్కో తాడు రెండు కొసలకూ 50 పౌండ్ల ఇసుక బస్తాలు. విమానం కింది కొక్కేలు తాళ్ళను పట్టాయి, బస్తాలు ఈడ్చుకొచ్చాయి, విమానం ఆగింది. అదే ఏడాది అక్టోబరులో ఈలీ ఒక విమాన ప్రదర్శనలో చనిపోయాడు. ఆ తర్వాత నిజమైన ఓడల మీద ఇసుక బస్తాల స్థానంలో ఎన్నో యంత్రాలు వచ్చాయి. మోడల్ పోటీల డెక్కు మీద మాత్రం తాళ్ళకు ఇప్పటికీ ఇసుక సంచులే కడతారు. ఈలీ చేసిన ఏర్పాటు ఈ మైదానంలో ఇంకా పని చేస్తూనే ఉంది. అక్కడ నిలబడి చూసినప్పుడల్లా అనుకుంటాను: చరిత్రను చదివి తెలుసుకోవడం ఒకటి, దాన్ని మళ్ళీ చేసి తెలుసుకోవడం ఒకటి.

ఇక బాగుచేయడం సంగతి. పెట్టె తెరవగానే కత్తి పట్టుకోకూడదు. ముందు ప్లానుకు నకలు తీయాలి. ఆ కాలపు కాగితం మడతల దగ్గర పెళుసుబారి ఉంటుంది. విప్పినప్పుడల్లా కొంత రాలుతుంది. తర్వాత చెక్క మీద అచ్చువేసిన ప్రతి భాగాన్నీ వేరే కాగితం మీదికి గీసుకోవాలి. అప్పటి కిట్లలో భాగాలను ఉక్కు అచ్చులతో కోసేవారు. అచ్చు మొద్దుబారితే బాల్సా తెగడానికి బదులు నలిగేది. ఈక్వెడార్ అడవుల నుంచి వచ్చే ఆ చెక్క మహా సుకుమారం. అందులోనూ ఒక పలక దూదిలా ఉంటే, పక్క పలక రెండు మూడింతలు బరువు తూగుతుంది. నలిగినవాటిని, బరువైనవాటిని పక్కన పెట్టి కొత్త చెక్కతో అదే ఆకారం కోయాలి. నీటిలో నానబెట్టి అంటించే గుర్తులు పసుపెక్కి ఉంటాయి. వాటిని కొన్నాళ్ళు కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనిస్తే చాలావరకు తెల్లబడతాయి. ముక్కలైపోకుండా పైన పల్చగా లక్క పూత వేయాలి.

ఇలా మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది ఆ పాత కిట్టేనా? మిలిందుడనే రాజుతో నాగసేనుడనే బౌద్ధ భిక్షువు రథం గురించి మాట్లాడిన సందర్భం ఇక్కడ గుర్తొస్తుంది. ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, కాడి రథం కాదు. అవన్నీ ఒక తీరుగా కూడితే ఆ కూడికకు రథమని పేరు. కిట్టుకు ఆ తీరు ప్లానులో ఉంది. చెక్క మారినా రెక్క వంపు, పక్కటెముకల మధ్య ఎడం, ముక్కు పొడవు మారనంతకాలం అది ఆ రూపకర్త ఊహించిన విమానమే. నేను మాత్రం ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను. రూపం చెప్పే చోట పాతదాన్ని నిలపాలి, భారం మోసే చోట కొత్తదాన్ని వేయాలి. పెట్టెలో వచ్చిన బెల్‌క్రాంక్, తుప్పు పట్టిన తీగలు, వాటిని పట్టి ఉంచే పల్చటి ప్లైవుడ్ ముక్క ఎంత ముచ్చటగా ఉన్నా వాడను. ఎగరేసే ముందు ఎన్నో రెట్ల బరువుతో లాగి చూసే పరీక్ష ఉంది. అది పెట్టింది పక్కన నిలబడ్డ మనుషుల కోసం. గతం మీద గౌరవం ఇంకొకరి ప్రాణానికి ముప్పు కాకూడదు.

ఇంజను కథ మనకు మరీ దగ్గరిది. ఈ చిన్న ఇంజన్లు మిథనాల్, నైట్రోమీథేన్ కలిపిన ఇంధనంతో నడుస్తాయి. కందెనగా అందులో ఆముదం కలుపుతారు. మంటలోనూ పొర తెగకుండా లోహాన్ని కాపాడే గుణం దానిది. పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఎర్రటి కాడలతో నిలబడే ఆ పంటే ఇక్కడ ఇండియానా రాష్ట్రంలోని పోటీ మైదానంలో పొగై వాసనేస్తుంది. ప్రపంచంలో ఆముదం అత్యధికంగా పండించేది మన దేశమే. అయితే వాడకుండా ఏళ్ళ తరబడి పెడితే ఆ ఆముదమే గట్టిపడి, పిస్టన్‌ను సిలిండర్‌కు అతికించేస్తుంది. నడిచే ఇంజనును కాపాడినదే ఆగిన ఇంజనును బిగించేస్తుంది. నెమ్మదిగా వేడిచేసి కరిగిస్తే, నొక్కకుండా ఓపిగ్గా కదిలిస్తే, చాలా ఇంజన్లు మళ్ళీ తిరుగుతాయి. పాతికేళ్ళు మూగగా ఉన్న ఇంజను మొదటిసారి అందుకుని మోగినప్పుడు నాకు కలిగే ఆనందానికి సాటి లేదు.

మూత తెరవని కిట్టు దొరకడమే అరుదు, దాన్ని కట్టి పాడుచేస్తారా అని సేకర్తలు అడుగుతారు. వాళ్ళ బాధను నేను తేలిగ్గా తీసుకోను. ఒక కిట్టు లోకంలో ఒక్కటే మిగిలితే దాన్ని తాకకూడదనే నేనూ అంటాను. నకలు తీసి, నకలును కట్టాలి. ఇంకా కొన్ని మిగిలి ఉన్నవాటి మాట వేరు. వాటిని గీసినవాడు బొమ్మ గీయలేదు, విమానం గీశాడు. ప్లాను మూలన అతను రాసిన సూచనలన్నీ గాలిని ఉద్దేశించి రాసినవే. పెట్టె మూసి ఉంచితే చెక్క మిగులుతుంది, అతని ఉద్దేశం నెరవేరదు. ఎగిరితే కూలే ప్రమాదం ఉంది. కూలితే ప్లాను ఉంది, చెక్క ఉంది, చేతులున్నాయి. ఎవరూ కట్టక, ఎవరికీ కట్టడం రాక పోతే మాత్రం పెట్టెలెన్ని ఉన్నా ఆ విద్యను తిరిగి తెచ్చుకునే దారి లేదు.

మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. కిట్టు వయసు అచ్చయిన ఏటి నుంచి లెక్కపెట్టకూడదు. డెక్కు విడిచిన రోజు నుంచి లెక్కపెట్టాలి. అంతవరకు అది గడిపింది నిరీక్షణ మాత్రమే.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ళ అటక మీదో ఇలాంటి పెట్టె ఉంటే పారేయకండి, అలాగని దాచి మురిసిపోకండి. ముందు ప్లానుకు నకలు తీయండి. పక్కన ఒక పిల్లనో పిల్లవాణ్ణో కూర్చోబెట్టుకుని కట్టండి. తీగలను లాగి పరీక్షించండి. తర్వాత ఎగరేయండి. పిడిని మాత్రం ఆ చిన్నారి చేతికివ్వండి.