ఎరువు ఎవరి ఋణము?

తెలుగున ఎరువు అను మాటకు రెండర్థములు కలవు. పొలమునకు తోలు పెంటయు ఎరువే. పొరుగింట అడిగి తెచ్చుకొన్న నగయు ఎరువే. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు చెప్పు మాటను పాఠకులెరుగుదురు. ఈ రెండు మాటల పుట్టుక ఒకటియో కాదో తేల్చుట పండితుల పని. మేము పండితులము కాము. ఏండ్ల తరబడి జమాఖర్చులు వ్రాసి విశ్రమించినవారము. అయినను, నేలకు పెట్టునది దానమా, బాకీ తీర్చుటయా అను ప్రశ్న వచ్చినప్పుడెల్ల ఆ మాటయే మాకు సమాధానము చెప్పుచున్నట్లు తోచును.

మా నాందేడు జిల్లాలో గోదావరికి ఇరుప్రక్కల నల్లరేగడి నేలలు. 1956లో హైదరాబాదు రాష్ట్రము విడిపోగా ఈ జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరినను, దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ ప్రాంతములలో తెలుగు మాట నేటికిని వినబడుచునే యున్నది. ప్రత్తి, జొన్న, కంది, ఇటీవలి దశాబ్దములలో సోయాబీను ఇక్కడి పైరులు. ప్రత్తి గాని సోయా గాని బండికెక్కి చేను దాటినప్పుడు గింజతో కూడ నేలలోని సారము కొంత దాటిపోవును. నత్రజని ఆకునకు పచ్చదనము నిచ్చును. భాస్వరము వేరునకు, పూతకు, గింజకు కావలెను. పొటాషు కాడకు బలమును, ఎండకు తెగులునకు ఓర్చు శక్తిని ఇచ్చును. వీనిలో ఏ ఒక్కటి తక్కువైనను, తక్కినవి ఎంత యున్నను, పైరు ఆ తక్కువదానికే కట్టుబడును. 19వ శతాబ్దమున లీబిగ్ అను జర్మన్ రసాయనజ్ఞుడు లోకమునకు చాటిన న్యాయమిది.

రసాయనపు టెరువు విషమనియు, పెంట అమృతమనియు సభలలో చెప్పువారున్నారు. మేమంగీకరింపము. యూరియా పశువుల మూత్రములో సహజముగా నుండునదే. 1828లో వోలర్ దానిని ప్రయోగశాలలో చేసి చూపెను. వేరు నత్రజనిని త్రాగునప్పుడు ఇది పెంటది, ఇది బస్తాది అని ఎంచదు. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చు మార్గమును హేబర్ 1909లో కనుగొనగా, బాష్ 1913 నాటికి దానికి కర్మాగారము నిలిపెను. ఆ విద్య యుద్ధమున ప్రేలుడు పదార్థములకును పనికివచ్చిన మాట నిజమే. అయినను నేడు లోకజనులలో సుమారు సగముమంది తిండి దానిపై ఆధారపడియున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. మా ఊరి గోదావరియే దిగువన రామగుండము చేరును. అక్కడ బొగ్గుతో యూరియా చేయు కర్మాగారము 1980లో మొదలై, 1999లో మూతపడి, 2021లో సహజవాయువుతో మరల తెరవబడినది. ఆకలి నెరిగినవారు యూరియాను తిట్టరు.

చిక్కు బస్తాలో లేదు, లెక్కలో ఉన్నది. 45 కిలోల యూరియా బస్తాలో నూటికి 46 పాళ్ళు, అనగా ఇరువది కిలోలకు పైగా, నత్రజని కలదు. మాగిన పశువుల ఎరువు టన్నునకు సుమారు ఐదు కిలోలే యుండును. ఒక బస్తాకు బదులు నాలుగు టన్నుల పెంట తోలవలెను. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చిన ఊళ్ళలో అంత పెంట ఎక్కడిది? 2010లో పోషకములను బట్టి సబ్సిడీ ఇచ్చు పద్ధతి వచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు. దాని ధర కట్టుబడి నిలువగా, భాస్వరము, పొటాషు ధరలు పెరిగినవి. రైతు చవుకయినదే ఎక్కువ చల్లెను. అతని నేమని నిందింతుము?

అయితే యూరియాలో నత్రజని తప్ప మరియొక పోషకము లేదు. చేను ఏపుగా పెరుగును గాని, ఆ పెరుగుదలకు కావలసిన భాస్వరము, జింకు మొదలగునవి నేల తన నిలువలోనుండి తీసి ఇయ్యవలెను. సున్నము ఎక్కువగల రేగడిలో ఆ రెండును సులభముగా వేరునకు అందవు. ప్రత్తికి నత్రజని మోతాదు మించినచో ఆకు లేతగా నిలిచి పచ్చదోమను పిలుచును. మా వృత్తిభాషలో చెప్పవలెనన్న, నెలజీతములు చెల్లించుటకై మూలధనము తీసి వాడుట వంటిది. పెంటలో పోషకములు స్వల్పమే గాని, అది నేలను గుల్లపరచి, తేమను పట్టి, కంటికి కానరాని జీవులకు మేత యగును. దాని ఫలము మొదటి యేట కొంతయే. తక్కినది రెండవ, మూడవ యేడులలో వచ్చును.

ధర్మసందేహము ఇక్కడనే పుట్టుచున్నది. బటాయికి చేను చేయువానికి ఈ యేడు నేల తనది. వచ్చు నుగాదికి ఎవరిదో తెలియదు. మూడేండ్లకు పండు ఖర్చును అతడేల పెట్టవలెను? నేల తల్లి గదా, తిన్నవాడు పెట్టవలదా యని వేదికమీద అనుట సులభము. కాని తిన్నవాడెవడు? పంటలో సగము యజమానికి పోయినది. మిగిలినదానిలో హెచ్చుభాగము పట్టణమునకు వచ్చి, మా వంటివారి పళ్ళెములలో పప్పై, రొట్టెయై, ఒంటిమీద బట్టయైనది. పట్టణము తిన్న సారము తిరిగి చేనికి చేరదు. మురుగుతో కలిసి నదిలోనికి పోవును. ఋణపత్రమున పేర్లు వ్రాయవలసినచో మొదటి పేరు యజమానిది, రెండవది మనది, కౌలుదారుది ఆ తరువాతనే యని మా అభిప్రాయము. పూర్వము గొర్రెలమందను చేనిలో కట్టించుకొని కాపరికి ధాన్యము కొలుచు ఆచారముండెడిది. కొలుచువానికి నేల రేపును తనదే యను ధైర్యముండెను.

నేడా ధైర్యము లేకపోవుటకు ఒక చట్టమును కొంత కారణమే. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము సాగుచేయువాని హక్కును కాపాడుటకు వచ్చి, మరాఠ్వాడాలోను వర్తించినది. హక్కు పుట్టునేమో యను భయమున యజమానులు కాగితము వ్రాయరు; ఏటేట మనిషిని మార్చుటయు కలదు. కౌలు కాగితము వ్రాయకున్నను, పెంట చీటీ యొకటి వ్రాసికొనవచ్చును: ఏ తేదీన, ఏ చేనిలో, ఎన్ని బండ్లు, ఖర్చెంత. ఒక యేటికే విడిచిపోవువానికి ఖర్చులో సగము, రెండేండ్లకు విడిచినచో నాలుగవవంతు యజమాని తిరిగి ఇయ్యవలెను. ఇందు భూమిహక్కు ప్రసక్తి లేదు గనుక భయమునకు తావులేదు. ఇద్దరు యజమానులతో మేమీ మాట ప్రస్తావింపగా ఒకరు నవ్విరి. రెండవవారు, బండ్ల లెక్క ఎవరు వ్రాయుదురని యడిగిరి. ఊరూర పనిలేక కూర్చున్న విశ్రాంత గుమాస్తాలు గలరు గదా యని బదులు చెప్పితిమి.