స్నేహితుని ప్రాణం కూడా అమానతే

సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



కొంతకాలం క్రితం జుమా నమాజు తర్వాత ఒక కుర్రవాడు మస్జిదులో నా కోసం ఆగాడు. విశ్వవిద్యాలయంలో చదువుతూ హాస్టల్లో ఉంటున్నాడు. "మౌలానా సాబ్, ఒక మస్అలా అడగాలి" అన్నాడు. అతని గదిలో ఉండే స్నేహితుడు రెండు వారాలుగా మెస్సుకు సరిగా రావడం లేదు. రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. ఎంతో ఇష్టంగా దాచుకున్న పుస్తకాలు పంచిపెట్టేశాడు. చివరికి ఒక రాత్రి, తనకిక బతకాలని లేదని చెప్పేశాడు. చెప్పిన తర్వాత, ఈ మాట ఎవరికీ చెప్పనని అల్లాహ్ మీద ప్రమాణం చేయించుకున్నాడు. "నేను వార్డెన్‌కు చెబితే ప్రమాణం తప్పిన పాపం, రహస్యం బయటపెట్టిన పాపం రెండూ నాకు చుట్టుకుంటాయా?" ఇదీ అతని ప్రశ్న.

"ఇప్పుడు అతని దగ్గర ఎవరున్నారు బేటా?" అని అడిగాను. "ఎవరూ లేరు" అన్నాడు. "అయితే ముందు పద. జవాబు దారిలో చెబుతాను" అన్నాను. ఆ రోజు దారిలో చెప్పిన మాటలనే ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే ఇది ఒక్క కుర్రవాని ప్రశ్న కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. మన ఇళ్ళ పిల్లలు కూడా ఇవే హాస్టళ్ళలో చదువుకుంటున్నారు.

ప్రమాణం అడ్డు కాకూడదు

మన ప్రాణానికి మనం యజమానులం కాము. అది అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. మిమ్మల్ని మీరు చంపుకోకండని సూరా నిసా 29వ వాక్యంలో ఆదేశించిన ప్రభువు, తాను మీ పట్ల ఎంతో దయగలవాడినని ఆ వెంటనే తెలియజేశాడు. ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు మానవులందరినీ కాపాడినవానితో సమానమని సూరా మాయిదా 32వ వాక్యం బోధిస్తోంది. ఇంత గొప్ప సత్కార్యానికి ఒక ప్రమాణం అడ్డుగోడ కాగలదా?

కాలేదు. మంచి పని చేయకుండా తప్పించుకోవడానికి అల్లాహ్ పేరును సాకుగా చేసుకోవద్దని సూరా బఖరా 224వ వాక్యం స్పష్టం చేస్తోంది. ఏదైనా ప్రమాణం చేసిన తర్వాత దానికంటే మేలైనది కనిపిస్తే, ఆ మేలైన పనే చేసి ప్రమాణానికి పరిహారం చెల్లించమని దైవప్రవక్త (సల్లం) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు ఉపదేశించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆ పరిహారం ఏమిటో సూరా మాయిదా 89వ వాక్యంలో ఉంది. మన ఇంటివారికి పెట్టే మధ్యరకం భోజనం పదిమంది పేదలకు పెట్టాలి, లేదా వారికి బట్టలివ్వాలి. అంత స్తోమత లేనివారు మూడు రోజులు ఉపవాసం ఉండాలి. సోదరులారా, కాస్త ఆలోచించండి! ఒకవైపు మూడు రోజుల ఉపవాసం, మరోవైపు ఒక తల్లికి జీవితకాలపు శోకం. ఏది తేలిక?

ఇది గీబత్ అవుతుందా?

వీపు వెనుక ఇతరుల లోపాలు చెప్పుకోవడం మహాపాపమే. సూరా హుజురాత్ 12వ వాక్యం దాన్ని చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చింది. అయితే కొన్ని సందర్భాలలో ఒకరి విషయం మరొకరికి చెప్పక తప్పదు. ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహి) తమ 'రియాజుస్సాలిహీన్' గ్రంథంలో అటువంటి ఆరు సందర్భాలను పేర్కొన్నారు. జరిగిన అన్యాయాన్ని అధికారం ఉన్నవారికి విన్నవించుకోవడం, చెడును ఆపడానికి సహాయం కోరడం, రాబోయే హాని గురించి హెచ్చరించడం వాటిలో ఉన్నాయి. కనుక ర్యాగింగ్ గురించి, వేధింపుల గురించి, ఒకరి ప్రాణానికి పొంచి ఉన్న ప్రమాదం గురించి బాధ్యులకు చెప్పడం గీబత్ కాదు. అది మేలుకోరడం.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) వృత్తాంతం చూడండి. ఆయనను చంపడానికి సర్దారులు మంతనాలు జరుపుతుంటే, ఒక వ్యక్తి పట్టణం ఆ చివరి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, తాను మేలుకోరేవాడినని చెప్పి హెచ్చరించాడు. ఈ సంఘటన సూరా ఖసస్ 20వ వాక్యంలో ఉంది. ఆ వ్యక్తి పేరు ఖుర్ఆన్ చెప్పలేదు. అతని పరుగును మాత్రం ప్రళయం వరకు పఠించబడే గ్రంథంలో నిలిపి ఉంచింది.

ఎవరికి చెప్పాలి?

చెప్పడం ఎంత అవసరమో, ఎవరికి చెబుతున్నామన్నది కూడా అంతే ముఖ్యం. భయం కలిగించే వార్త ఏదైనా అందగానే దాన్ని ఊరంతా చాటడం కపటుల అలవాటనీ, దాన్ని ప్రవక్త వద్దకు, బాధ్యులైన వారి వద్దకు తీసుకువెళ్ళి ఉంటే నిజానిజాలు తేల్చగలవారికి అది అందేదనీ సూరా నిసా 83వ వాక్యం తెలుపుతోంది. దైవప్రవక్త (సల్లం) తమ సతీమణులకు విడాకులిచ్చారన్న పుకారు మదీనాలో వ్యాపించినప్పుడు, హజ్రత్ ఉమర్ (రజి) నేరుగా ఆయన వద్దకే వెళ్ళి అడిగారు. కాదని తెలుసుకున్న తర్వాత మస్జిదు ద్వారం వద్ద నిలబడి ఆ సంగతి ప్రకటించారు.

కనుక స్నేహితుని పరిస్థితిని గ్రూపుల్లో పెట్టకండి. ముందు అతన్నే ప్రేమగా అడగండి. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి వెనుకాడకండి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని, పైగా మనసు తేలికపడే అవకాశం ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. ప్రమాదం ఉందనిపిస్తే అతన్ని ఒంటరిగా వదలకండి. వార్డెన్‌కు, నమ్మకమైన అధ్యాపకునికి, కళాశాల కౌన్సెలర్‌కు తెలియజేయండి. ఒకరు పట్టించుకోకపోతే మరొకరికి చెప్పండి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ర్యాగింగ్ విషయమైతే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. బాధితుడే చేయాలని లేదు, చూసినవారు కూడా ఫిర్యాదు చేయవచ్చు.

పోలీసు కేసు అవుతుందేమోనన్న భయంతో చాలామంది నోరు మెదపరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే పరిగణించాలి. అతనికి చికిత్స, సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. మీ పిల్లల కళాశాలలో ఉన్నారో లేదో అడిగే హక్కు మీకుంది.

ఇది విశ్వాస బలహీనతా?

తల్లులారా, తండ్రులారా! హాస్టలు నుంచి ఇటువంటి కబురు వచ్చినప్పుడు "నమాజు చదవడు కాబట్టే ఇలా అయ్యాడు" అని నిందించకండి. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని కోసం దుఃఖించి దుఃఖించి కంటిచూపు పోగొట్టుకున్నారు. హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలాం) ప్రసవ వేదనలో, దీనికి ముందే మరణించి ఉంటే బాగుండేదని వాపోయారు. వారి విశ్వాసాన్ని శంకించగలమా? దుఆ చేయండి, ఖుర్ఆన్ పఠించి ఊదండి, దానితోపాటు వైద్యుని వద్దకూ తీసుకువెళ్ళండి. చికిత్స చేయించుకోమని ఆదేశించింది స్వయంగా దైవప్రవక్త (సల్లం)వారే.

హజ్రత్ సల్మాన్ (రజి) తమ సోదరుడు అబూదర్దా (రజి) ఇంటికి వెళ్ళినప్పుడు, ఆ ఇంటి ఇల్లాలు మాసిన బట్టలతో ఉండటం గమనించారు. చూసీ చూడనట్లు ఊరుకోలేదు, కారణం అడిగారు. అబూదర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడుపుతున్నారని తెలుసుకుని, నీ శరీరానికి, నీ ఇంటివారికి కూడా నీపై హక్కుందని ఆయనకు నచ్చజెప్పారు. సంగతి విన్న దైవప్రవక్త (సల్లం) సల్మాన్ చెప్పింది నిజమన్నారు. సోదరభావం అంటే ఇదే. మాసిన బట్టను, తినకుండా వదిలేసిన కంచాన్ని గమనించే కన్ను కావాలి.

ఆ రోజు మేము హాస్టలుకు వెళ్ళేసరికి ఆ అబ్బాయి గదిలోనే ఉన్నాడు, అల్‌హందులిల్లాహ్. వార్డెన్‌కు చెప్పాము. రాత్రికి తల్లిదండ్రులు వచ్చారు. ఇప్పుడు చికిత్స జరుగుతోంది. అయితే రహస్యం బయటపెట్టాడన్న కోపంతో అతను తన స్నేహితునితో ఇంకా మాట్లాడటం లేదు. మొన్న ఈ కుర్రవాడు కలిసి, మూడు ఉపవాసాలు పూర్తయ్యాయని చెప్పాడు. "వాడు మాట్లాడకపోయినా ఫరవాలేదు మౌలానా సాబ్, రోజూ మెస్సులో కనిపిస్తున్నాడు" అన్నాడు.

ఓ అల్లాహ్! మా పిల్లల ప్రాణాలను, మనసులను కాపాడు. కుంగిపోయిన వారికి నీ కారుణ్యంపై ఆశ కలిగించు. సాటివారి బాధను చూసే కళ్ళను, సరైన చోట చెప్పే ధైర్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్!