కూర్మము మోయు భారము – శరణుని కొలత



శ్రీకాకుళ పట్టణమునకు చేరువనున్న శ్రీకూర్మ క్షేత్రమున స్వామి కూర్మరూపమున వెలసియున్నాడు. ఆలయ ప్రాంగణమున నక్షత్ర తాబేళ్ళను సాకుచుండుట యాత్రికులందరు ఎరిగినదే. ఆకులు అలములు మేసి, దీర్ఘకాలము జీవించు అల్పసంతోషి ఆ ప్రాణి. అట్టి దానిని సైతము వేడుకకు పెంచుకొను కోరికతో దేశదేశములకు దొంగరవాణా చేసిరి. తుదకు 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారమును నిషేధింపవలసి వచ్చెను. మానవుని కోరిక ఎంత దూరము ప్రాకునో తెలియుటకు ఈ ఒక్క ఉదాహరణ చాలును.

కూర్మమనగానే క్షీరసాగర మథనము స్మరణకు వచ్చును. మందరగిరిని కూర్మము మోసెను, దేవదానవులు చిలికిరి. అయితే అమృతమునకు ముందు పుట్టినది హాలాహలము. చిలికినవారిలో ఒక్కరును దానిని స్వీకరింపలేదు. చిలుకుటలో పాలులేని పరమశివుడు దానిని కంఠమున ధరించెను. నేటి లోకమునను చిలుకువారు వేరు, గరళము మ్రింగువారు వేరు. కాని మ్రింగువాడు పరమశివుడు కాడు, నిరుపేద.

ఇందుకు నిదర్శనమునకై దూరము పోనక్కరలేదు. ఈ జిల్లాలోనే సోంపేట బీల కలదు. వరి పండించి, చేపలు పట్టి, పశువులను మేపుకొని ఎన్నో గ్రామములు ఆ నీటి నేలనాశ్రయించి బ్రతుకుచున్నవి. అచ్చట 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమును తలపెట్టగా జనము ఎదురు నిలిచిరి. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించిరి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ కేంద్రమునకు లోగడ లభించిన అనుమతిని రద్దు చేసెను. మరుసటి ఏడు ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర భూములలోను కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. ఎక్కడనో మేడలలో వెలుగవలసిన దీపమునకు ఇక్కడి చిత్తడి నేల వెలగా అడుగబడెను. మీట నొక్కు చేతికి ఆ వెల కనబడదు.

భూమి ఎంత మోయగలదు? కొంత లెక్క చూడవచ్చును. 2022 నవంబరు నాటికి ప్రపంచ జనాభా 800 కోట్లు దాటెను. బొగ్గు, చమురు, వాయువుల వలన ఏటా సుమారు 3,700 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియుచున్నది. తలకు సరాసరి నాలుగున్నర టన్నులకు పైమాట. సముద్రములు, అడవులు, నేల కలిసి దాదాపు సగమును పీల్చుకొనుచున్నవి. మిగిలినది ఆకాశమున పేరుకొని భూమిని వేడెక్కించుచున్నది. అనగా నేటి స్థితిలో ఒక్కొక్కరి పాలు రెండు టన్నులకు కొంచెము హెచ్చు. ఇదియు ఉదారమైన లెక్కయే. మున్ముందు ఇంకను తగ్గవలసియున్నది. అమెరికా పౌరుని సరాసరి సుమారు పదునాలుగు టన్నులు; భారతీయునిది సుమారు రెండు. అది చూచి మనము నిర్దోషులమని మురియరాదు. చలువయంత్రములు, రెండు కార్లుగల గృహస్థును, తాటాకు పాకలోని మత్స్యకారుని కలిపి తీసిన సరాసరి అది. ఉన్నవాని అధికము లేనివాని లేమి చాటున దాగియున్నది.

ఈ సందర్భమున కల్యాణ నగర శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర మననీయము. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. వానిని వండి జంగమదాసోహము చేయుట లక్కమ్మ వ్రతము. ఒకనాడు మారయ్య నిత్యముకన్న అధికముగా తెచ్చెను. లక్కమ్మ ఆ అధికమును అంగీకరింపక, తిరిగి అచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను. అది దొంగసొత్తు కాదు, రాలిన గింజలే. ఎవరును అడ్డగింపలేదు. అయినను అవసరమును మించినది తన పాలు కాదని ఆ సాధ్వి నిర్ణయము. తనకు అందినదంతయు తనది కాదనుటయే శరణుని కొలత.

ఇచ్చట కొందరు రెండు సందేహములు లేవదీయుదురు. పేదవానిని కూడ తగ్గించుకొమ్మందుమా? ముమ్మాటికి కాదు. పొట్ట చేతబట్టుకొని దూరదేశములకు వలసపోవు ఉత్తరాంధ్ర కూలీకి మితభోగము బోధించుట అధర్మము. అతనికి ఇంకను హెచ్చుగా అందవలసియున్నది. లక్కమ్మ పొరుగింటికి పోయి ఉపదేశింపలేదు. తన ఇంటి చేటను తాను కొలుచుకొన్నది. కొలత ఉన్నవాని వాకిటనే ఆరంభము కావలెను.

నేనొక్కడను తగ్గించుకొన్న ఏమగును? అనునది రెండవది. ఒక్కని నిగ్రహము ఆకాశమును శుద్ధి చేయజాలదన్నది నిజమే. అందుకు చట్టములు వలెను, సూర్యశక్తి వంటి సాధనములు వలెను, బీల జనమువలె కలిసి నిలుచుటయు వలెను. కాని తన అధికమును విడువనివాడు, ఇతరులను విడువమను చట్టమును మనసార కోరగలడా? పొదుపు చేయు యంత్రము చేతికి వచ్చినపుడు, ఆ పొదుపును మరియొక భోగమునకు వెచ్చింపక ఉండగలడా? వ్యక్తి నిగ్రహము సంఘ నియమమునకు బదులు కాదు, దానికి పునాది.

కావున మన గృహములు, మఠములు తొలి అడుగు వేయవలెను. దాసోహములలో తొలుత కొద్దిగా వడ్డించి, అడిగినవారికి మరల వడ్డించినచో ప్రసాదము పారవేయు పాపము తప్పును. ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములను ప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. మన మన్యపు అడ్డాకుల విస్తళ్ళు ఉండగా వానితో పనియేమి? అవి మట్టిలో కలియును, కుట్టిన గిరిజనుల చేతికి నాలుగు రూపాయలు అందును. వివాహములలో ఆడంబరము తగ్గినచో అప్పును తగ్గును, భూభారమును తగ్గును. క్రొత్త వస్తువు కొనబోవునపుడు ఒక్క ప్రశ్న వేసికొందము: ఇది నా పాలా, మరియొకరి పాలా?

కాయకము సంపాదనకు శుద్ధినిచ్చును. దాసోహము అనుభవమునకు హద్దునిచ్చును. ఆ హద్దు తెలిసినవాని భారమును కూర్మము సునాయాసముగా మోయును.